పిట్టలతిన్నె మీద పురుడు

హేలావతీ నది శోణపురి రాజ్యంలో అడుగుపెట్టే చోట రెండు కొండలు చెరో పక్కకు ఒత్తిగిలి దారి ఇస్తాయి. అంతవరకు బండల మీద దూకుతూ, నురగలు కక్కుతూ వచ్చిన ఏరు, అక్కడి నుంచి అత్తవారింట అడుగుపెట్టిన కొత్తకోడలిలా సద్దు చేయకుండా నడుస్తుంది. కుడి ఒడ్డున రాణి మేఘవల్లి ఏడు తరాల కిందట కట్టించిన నూటెనిమిది నల్లరాతి మెట్లు. మెట్టు మెట్టుకూ ఏనుగుల బారు, హంసల బారు, తామరతీగలు. ఆ రాళ్ళ సందుల్లో నీటికుక్కలు కాపురాలు పెట్టి, తమ పిల్లలకు రాతి ఏనుగుల వీపుల మీద నుంచి నీళ్ళలోకి జారడం నేర్పుతూ ఉంటాయి. ఎడమ ఒడ్డున మనిషెత్తు రెల్లు, దాని వెనుక ఏరుమద్ది చెట్లు, వాటి కొమ్మల నిండా కొంగల గూళ్ళు. రెండు ఒడ్లకూ నడుమ, నీళ్ళ మధ్యలో, పిట్టలతిన్నె అనే తెల్లని ఇసుక మేట. రాణి మేఘవల్లి మెట్లయితే కట్టించింది గాని మేట మీద ఒక్క రాయి కూడా పెట్టనివ్వలేదు. "ఇటు మనది, అటు వారిది" అని చివరి మెట్టు మీద చెక్కించింది. ఆ 'వారు' ఎవరో రాయించలేదు. తలెత్తి చూసినవాళ్ళకు ఎలాగూ తెలుస్తుందనుకుంది కాబోలు.

ఇంత చల్లని చోటికి, ఆ రోహిణికార్తె నాటి ఉదయాన, ఒక గుర్రం తోక తెగినట్టు పరిగెత్తుకు వస్తోంది. దాని మీద ఇద్దరు. ముందు కూర్చున్నవాడు గుబురుగడ్డం మూలికల వర్తకుడు. వెనుక కూర్చున్నది డెబ్భై ఏళ్ళ అచ్చియ్యమ్మ, నగరంలోకెల్లా పేరుమోసిన మంత్రసాని. ఆమె ఒక చేత్తో వర్తకుడి నడుము పట్టుకుంది, రెండో చేత్తో బాలింతలకు పెట్టే కాయం డబ్బా పట్టుకుంది. ఊపిరాడినప్పుడల్లా వర్తకుణ్ణి తిడుతోంది.

"ఓరి నాయనా, మెల్లిగా పోనీరా! ఆ పిల్లకి పురుడు పోసేలోపు నాకు కర్మ చేసేట్టున్నావు!"

"భయపడకు అవ్వా! నిస్సహాయురాలైన ఒక అబల నడి ఏటిలో ప్రసవవేదన పడుతూ ఉంటే, ఈ కంఠంలో ప్రాణముండగా..."

"నీ కంఠం సంగతి తర్వాత. ముందు ఆ గుంట చూసుకో!"

గుర్రం గుంట దాటింది. కాయం డబ్బా మూత ఎగిరిపోయింది.

మూలికల వర్తకుడన్నది పై వేషం. గడ్డం మేకవెంట్రుకలది. లోపలున్నవాడు శోణపురి యువరాజు హేమాంగదుడు. కత్తి దూస్తే పదిమంది వెనక్కి తగ్గుతారు, గుర్రమెక్కితే గాలికి చెమట పడుతుంది, గుణమా అంటే మేలిమి. లోపమల్లా ఒక్కటే. ఎదుటివాళ్ళు చెప్పే మాట చివరిదాకా వినే ఓపిక అతనికి దేవుడు పెట్టలేదు.

అతడు వేషం కట్టడానికి కారణముంది. నలభై రోజుల కిందట ధూమ్రజటి అనే మాంత్రికుడు అతని తండ్రి మహీధరవర్మ కొలువుకు వచ్చాడు. మహారాజు చెడ్డవాడు కాడు, తళుకుల మీద మోజు, అంతే. పట్టపుటేనుగు దంతాలకు కూడా వారానికోసారి మెరుగు పెట్టిస్తాడు. "రాజధాని పక్కన ఈ బురదేమిటి, ఈ రెల్లేమిటి, ఈ పిట్టల రెట్టలేమిటి మహారాజా? ఒక్క ముహూర్తంలో బంగారు గట్టు కట్టి, ఆ తిన్నె మీద స్ఫటికభవనం నిలబెడతాను" అన్నాడు మాంత్రికుడు. మహారాజు కళ్ళు మిలమిల మెరిశాయి. ఈ శుభకార్యానికి అడ్డొచ్చినవాడు, ఎవడైనా సరే, దేశం విడిచిపోవాలని అప్పటికప్పుడే ఆజ్ఞ వేశాడు.

అసలు సంగతి హేమాంగదుడికి అడవిలో ఒక ముని చెప్పాడు. పిట్టలతిన్నె కింద హేలావతి నాభి ఉంది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ధూమ్రజటి అక్కడ తన దండం గుచ్చితే నది మొత్తం అతని కమండలంలోకి చేరుతుంది. ఆపైన దోసెడు నీళ్ళు కావలసినవాడు ఆ జడలవాడి కాళ్ళు పట్టుకోవలసిందే. అందుకోసం వాడు నలభై రోజుల మడిదీక్ష పట్టాడు. దీక్షలో ఉన్నంతకాలం కత్తి తెగదు, బాణం దిగదు. చావు మైల గాని పురిటి మైల గాని తగిలితేనే దీక్ష చెడుతుంది. వాడు ముందుచూపు గలవాడు కాబట్టి తల్లినీ, తండ్రినీ, అన్నదమ్ములనూ, దాయాదులనూ ఏనాడో వదిలించుకున్నాడు. ఎలా వదిలించుకున్నాడో పిల్లలు వినే కథలో చెప్పకూడదు. అయినవాళ్ళు లేనివాడికి మైల ఎక్కడి నుంచి వస్తుంది?

హేమాంగదుడు ఇదంతా తండ్రికి చెప్పాడు. "నీకు బంగారమంటే మొదటి నుంచీ గిట్టదు" అని తండ్రి కొట్టిపారేశాడు. దాంతో అతడు గడ్డం అతికించుకుని బయలుదేరాడు. దీక్షకు నలభయ్యో రోజు అదే.

ఆ రోజు తెల్లవారుతూనే అతడు రేవుకు వచ్చి, పుట్టి నడిపే నూకాలును తిన్నె మీద దింపమన్నాడు. ఆమె గెడ అడ్డం పెట్టి, "తిన్నె మీద పురుడు బాబూ! ఎవలూ అడుగెట్టకూడదు. ఇయ్యాలో రేపో..." అంది. అంతే. మిగతా మాట ఆమె గుర్రం తోకతో చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు గుర్రం రేవులో ఆగింది. నూకాలు పుట్టి అంచు మీద కూర్చుని చద్దన్నం తింటోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఎండకు కాగిన ముఖం. నవ్వు వస్తే ఆపుకునే అలవాటు లేదు.

"తీసుకువచ్చాను!" అంటూ హేమాంగదుడు దూకాడు. "నగరంలోకెల్లా నేర్పరి! ఆ తల్లి ఎక్కడ? బాధ పడుతోందా? మగడు దగ్గరున్నాడా?"

నూకాలు ముద్ద నోట్లో పెట్టబోతూ ఆగింది. అచ్చియ్యమ్మను చూసింది, కాయం డబ్బాను చూసింది, గుర్రాన్ని చూసింది. ముద్ద గిన్నెలో పడేసి, పొట్ట పట్టుకుని ఇసుకలో దొర్లింది.

"ఓలమ్మో! ఓలమ్మో! పిట్టలకి మంత్రసానిని ఒట్టుకొచ్చాడే!"

హేమాంగదుడు నిలువునా బిగుసుకుపోయాడు. "పిట్టలకా?"

"మరేటనుకున్నావు? ఏటిపిట్టలు బాబూ! ఏటా ఎండల్లో తిన్నె మీద ఇసకలో గుడ్లెడతాయి. గుడ్లెట్టినకాడి నుంచి పిల్లలకి రెక్కలొచ్చినదాకా అది పురిటిల్లు. మావోలు ఎవలూ అడుగెట్టరు. మా అమ్మమ్మ అమ్మమ్మ నాటి కట్టుబాటు. పుట్టి కూడా దూరంగానే తిప్పుతాం. నన్ను సెప్పనిచ్చావేటి?"

హేమాంగదుడి ముఖం గడ్డం దాకా ఎర్రబడింది. గడ్డం పరాయిది కాబట్టి అక్కడ ఆగింది.

అచ్చియ్యమ్మ మెల్లగా గుర్రం దిగింది. నడుము మీద చేతులు పెట్టుకుని యువరాజును ఎగాదిగా చూసింది.

"ఆ గడ్డం నాకోసమైతే పెట్టుకోనక్కర్లేదు బాబూ. నిన్ను కడుపులోంచి బయటికి లాగినదాన్ని నేనే. అప్పుడూ ఇంతే. లోకంలో పిల్లలందరూ తల ముందు పెట్టి వస్తే, నువ్వు తొందరకొద్దీ కాళ్ళతోనే బయలుదేరావు."

నూకాలు నవ్వు టక్కున ఆగింది. మూలికలవాడు ఎవరో ఆమెకు అర్థమైంది. లేచి దండం పెట్టబోయింది. మళ్ళీ కాయం డబ్బా కంటబడింది. చేతులు జోడించే నవ్వు మొదలుపెట్టింది.

"సరేలే" అంది అచ్చియ్యమ్మ. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాలి. ఇంతదూరం ఎముకలు విరగ్గొట్టుకుని వచ్చి పురుడు చూడకుండా పోతానా? పద పిల్లా."

"తిన్నె మీదకి ఎవలూ ఎల్లకూడదమ్మా."

"పురిటింట్లోకి మంత్రసాని కాక మరెవరు వెళ్తారే?"

అమ్మమ్మ అమ్మమ్మను తలుచుకుని నూకాలు గెడ అందుకుంది. పుట్టి కదిలింది.

తిన్నె దగ్గరపడుతుంటే వందల పిట్టలు లేచాయి. బూడిదరంగు రెక్కలు, నల్లని తల, పసుపుపచ్చని ముక్కు, రెండుగా చీలిన తోక. నెత్తి మీద తిరుగుతూ ఒకటే కేకలు. అచ్చియ్యమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, పాదం పెట్టేముందు ఇసుకను ఒకసారి పరికించి చూసుకుంటూ నడిచింది. గుడ్లు ఇసుక రంగులోనే ఉన్నాయి. ఎరగనివాడు నడిస్తే అడుగుకొకటి పగులుతుంది. యువరాజూ నూకాలూ మోకాలిలోతు నీళ్ళలోనే నిలిచిపోయారు.

"ఇంకో పది దినాలు ఓరుసుకుంటే సాలు బాబూ" అంది నూకాలు. ఆమె గొంతులో నవ్వు పోయింది. "మిరగకార్తె వొచ్చేస్తాది, కొత్తనీరు దిగుతాది. ఆపైన కార్తీకం దాకా ఏ రాజూ ఇక్కడ రాయెట్టలేడు. పిల్లలు కూడా రెల్లులోకి సేరిపోతాయి. పదంటే పది దినాలు."

"పది దినాలేమిటి, ఈ మధ్యాహ్నం గడిస్తే గొప్ప" అని హేమాంగదుడు ముని చెప్పిన నాభి సంగతీ, మడిదీక్ష సంగతీ ఇద్దరికీ వినిపించాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఒక ఉపాయమూ తోచలేదు.

అప్పుడు నూకాలు ఉన్నట్టుండి, "ఆ జడలోడికి తిన్నె మీద సోటు ఎలా తెలుస్తాది?" అని అడిగి, తనలో తనే గొణుక్కుంది. "మూడు దినాలుగా ఒక పిట్ట తేడాగున్నాది. మిగతావి సేపని తలకాడి నుంచి మింగితే, ఇది తోకకాడి నుంచి మింగి దగ్గుతాది. రోజల్లా ఇసక తవ్వి సూస్తాది. మెళ్ళో నల్ల రుద్రాక్ష కూడాను."

హేమాంగదుడు ఎగిరి గంతేశాడు. నల్ల రుద్రాక్ష! ధూమ్రజటి ఏ రూపు దాల్చినా మెడలో ఆ రుద్రాక్ష మాత్రం మారదని ముని చెప్పాడు. నది నాభి ఎక్కడుందో వెతకడానికి వాడు మూడు రోజులు పిట్టల్లో పిట్టై తిరిగాడన్న మాట!

"దాన్నీ వొదల్లేదులే" అంది నూకాలు. "మొగుణ్ణి గద్దెత్తుకుపోయిన ఆడపిట్ట ఒకటున్నాది. ఇది కాళీగా తిరుగుతుంటే సూసి, నెత్తి మీద రెండు పొడిసి, గుడ్ల మీద కూకోబెట్టేసింది. మూడు దినాలూ పొదిగిందది!"

తిన్నె మీద వంగి ఒక గుడ్డుకు చెవి ఆనించిన అచ్చియ్యమ్మ తలెత్తింది.

"ఏ గుడ్ల మీద?"

"నీ సేతికిందున్నవే అమ్మా."

అచ్చియ్యమ్మ ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. "బాబూ, లోపల బిడ్డ ముక్కుతో కొడుతోంది. గడియో రెండు గడియలో పడుతుంది. అంతసేపు ఆ జడలవాణ్ణి తిన్నె ఎక్కకుండా ఆపగలవా?"

"ఎందుకు?"

"ఒక్కసారైనా ఎందుకని అడిగావు, సంతోషం. చెప్పడానికి ఇప్పుడు పొద్దు లేదు. ఆపు."

నిజమే, పొద్దు లేదు. తూర్పున ఆకాశం పొగచూరింది. నాలుగు భూతాలు, తాటిచెట్టంత ఒక్కొక్కటి, నీళ్ళ మీద నడుచుకుంటూ ఎముకల పల్లకీ మోసుకు వస్తున్నాయి. వాటి కళ్ళు నిప్పుకణికలు, గోళ్ళు కొడవళ్ళు. అవి నడిచిన చోట చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. పల్లకీలో పులితోలు మీద, నల్లని దండం ఒక చేత, రాగి కమండలం ఒక చేత పట్టుకుని ధూమ్రజటి కూర్చున్నాడు. జడల్లోంచి పొగ లేస్తోంది. చూసినవాడికి గుండె జారవలసిందే. మధ్య మధ్య ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు రాకపోతే.

హేమాంగదుడు కత్తి మీద చెయ్యి వేశాడు. మళ్ళీ తీసేశాడు. ఆపమన్నది అచ్చియ్యమ్మ, నరకమనలేదు. అతడు మూలికల సంచీ భుజాన వేసుకుని పల్లకీకి ఎదురుగా నీళ్ళలో నడిచాడు.

"స్వామీ! ఆ దగ్గు గొంతులో ముల్లు దిగినవాడి దగ్గు. వారం ఉంచుకుంటే మాట పడిపోతుంది. మాట పడిపోతే మంత్రం ఎలా పలుకుతారు?"

పల్లకీ ఆగింది. మూడు రోజులుగా ఆ ముల్లు మాంత్రికుణ్ణి ఎంత వేధిస్తోందో మనకేం తెలుసు?

"ముల్లని నీకెలా తెలుసురా?"

"దగ్గు చెబుతుంది స్వామీ. మా తాతముత్తాతల విద్య. నోరు తెరవండి. ఇంకా. ఇంకొంచెం. ఎడమవైపు తిప్పండి. అబ్బే, మీ ఎడమ కాదు, నా ఎడమ."

ఇలా ఒక గడియ నడిచింది. కాకరాకు పసరు పోశాడు, మిరియం నమిలించాడు, మెడ పట్టి వెనక్కి వంచి ఆకాశం చూపించాడు. భూతాలు పల్లకీ భుజం మార్చుకుని ఆవులించాయి. ఆఖరికి ముల్లు నిజంగానే ఊడి వచ్చింది. అది యువరాజు కోరింది కాదు. పైగా ఆ ఊపులో మేకగడ్డం ఒక పక్క ఊడి వేలాడింది.

"ఓహో! యువరాజా!" ధూమ్రజటి పళ్ళు కొరికాడు.

ఇక దాచేదేమీ లేదు. హేమాంగదుడు కత్తి దూసి పల్లకీ మీదకు లంఘించాడు. మాంత్రికుడు వేలు తిప్పాడు. కత్తి పొట్లకాయ అయింది. యువరాజు ఒక్క క్షణం దాన్ని చూసి, చేతికి వచ్చిన ఆయుధం అదే కాబట్టి, దానితోనే మొదటి భూతం ముక్కు మీద ఒక్కటి వేశాడు. రెండో భూతం అతణ్ణి మెడ పట్టి గిరగిరా తిప్పి విసిరింది. నదిలో తేలుతున్న మొద్దు మీద పడ్డాడు. మాంత్రికుడు ఉమ్మాడు, మొద్దు మొసలి అయింది. మొసలి నోరు తెరిచింది. నూకాలు పుట్టి అడ్డం తిప్పి, గెడ దాని నోట్లో నిలువుగా దించింది. "తోక ఒట్టుకో బాబూ, తోక!" అని అరిచింది. అతడు తోక పట్టుకున్నాడు, మొసలి సుడిలోకి లాగింది, సుడి మొసలినీ అతణ్ణీ మూడుసార్లు తిప్పి మెట్ల వైపు కక్కింది, రాతి ఏనుగుల మీద నుంచి నీటికుక్కల దండు గీపెడుతూ దూకి మొసలి తోకను పీకి పాకం పెట్టింది. హేమాంగదుడు గడ్డమూ పొట్లకాయా రెండూ పోగొట్టుకుని, నీళ్ళు కక్కుతూ, ఈదుతూ తిన్నె వైపు వచ్చేసరికి ధూమ్రజటి పల్లకీ దిగి ఇసుక మీద నిలబడి ఉన్నాడు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మాంత్రికుడి నీడ వాడి పాదాల కిందకు ముడుచుకుంది. వాడు దండం పైకెత్తాడు.

"చెప్పులు తియ్యి నాయనా" అంది అచ్చియ్యమ్మ, గుడ్లున్న ఇసుక గుంట పక్కన కూర్చున్నదల్లా తల తిప్పకుండానే. "పురిటింట్లో చెప్పులేమిటి, కర్రలేమిటి?"

"తప్పుకో ముసలీ! నాకు జ్ఞాతులు లేరు, బంధువులు లేరు. ఏ పురుడూ నాకు అంటదు!"

"అలాగా. అయితే ఇదెవరి బిడ్డ?"

ఆమె దోసిలి విప్పింది. అందులో తడిసి ముద్దైన ఒక బూడిదరంగు ప్రాణి, నెత్తి మీద ఇంకా పెంకు ముక్క అంటుకుని ఉంది. కీచుమంది.

ధూమ్రజటి చెయ్యి గాలిలోనే ఆగింది.

"మూడు రోజులు పొదిగావా లేదా?"

"అది... వేషం! వేషంలో ఉన్నాను! ఆ పిట్ట బలవంతం చేసింది, మర్యాద కోసం కాసేపు కూర్చున్నాను!"

"యాభై ఏళ్ళుగా పురిటింటి గుమ్మంలో ఎన్ని రకాలు వినలేదు నాయనా? వెచ్చన నీదా కాదా? నీ ఒంటివేడి తగలకపోతే ఈ బిడ్డ లేదు. మెడలో రుద్రాక్ష కూడా సాక్ష్యం. బిడ్డ పుట్టిన ఘడియ నుంచి నీకు పది రోజుల పురుడు. పో, స్నానం చెయ్యి."

మంత్రగాడు పట్టిన దీక్షను మంత్రసాని తీసేసింది. నల్లని దండం ఉడికిన ములక్కాడలా మెత్తగా వంగిపోయింది. కమండలం చేయి జారి నీళ్ళలో పడితే నీటికుక్కలు దాన్ని దొర్లించుకుపోయాయి. నాలుగు భూతాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుని పల్లకీ దింపేశాయి. "మైల తగిలిన యజమానిని మేము మొయ్యం" అని గాలిలో కలిసిపోయాయి. మాంత్రికుడు గుండెలు బాదుకుని, నోటికి వచ్చిన మంత్రమేదో పారిపోవడానికి పలికాడు. పిట్ట అయ్యాడు. తిరిగి మనిషి కావడానికి మడి కావాలి గదా, అది పదకొండో రోజు దాకా లేదు. పైనుంచి ఇదంతా చూస్తున్న ఆడపిట్ట రివ్వున దిగి, బిడ్డ పుడితే చేపలు తేకుండా ఎక్కడికని వాడి నెత్తి మీద పొడుస్తూ ఎగువకు తరుముకుపోయింది.

నూకాలు చప్పట్లు కొట్టింది. హేమాంగదుడూ కొట్టబోయాడు. అంతలో కుడి ఒడ్డున భేరీలు మోగాయి.

మహారాజు మహీధరవర్మ వచ్చాడు. వెనుక పురోహితుడు, బంగారు ఇటుకల బళ్ళు, మాంత్రికుడికి సాయంగా పలుగూ పారా పట్టిన రెండువేల మంది కూలీలు. మహారాజు చేతిలో పట్టుగుడ్డలో చుట్టిన మొదటి ఇటుక. తిన్నె మీద తన చేత్తో శంకుస్థాపన చేయాలని అతని ముచ్చట. మెట్లు దిగి తేరిపార చూశాడు.

"ధూమ్రజటి ఏడి?"

"ఎగిరిపోయాడు ప్రభూ!" అని ఇవతలి నుంచి అచ్చియ్యమ్మ కేకేసింది. "ఇక్కడ పురుడు! ఎవరూ రాకూడదు!"

"పిట్టల పురుడు నాకెందుకు అంటుతుంది?" అన్నాడు మహారాజు. పురోహితుడు అంటదని తల ఊపాడు. "మాంత్రికుడు లేకపోతే మానె. మనుషుల్లేరా? పారలున్నాయి, ఇటుకలున్నాయి, ముహూర్తముంది. పుట్టి తెండి! అడ్డొచ్చినవాణ్ణి దేశం దాటించండి!"

రెండువేల జతల కాళ్ళు. గుడ్లు ఇసుక రంగులో ఉన్నాయి.

"దాక్కో బాబూ" అంది నూకాలు మెల్లగా. "ముకమంతా బురదే, నిన్నింకా గురుతుపట్టలేదు. రెల్లులోకి దూరిపో. మాకు మా కట్టుబాటుంది, మేం ఏదో సేసుకుంటాం." ఆ ఏదో ఏమిటో ఆమెకూ తెలియదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

యువరాజు రెల్లు వైపు చూశాడు. తర్వాత వంగి, దోసిలితో నీళ్ళు తీసుకుని, ముఖం శుభ్రంగా కడుక్కున్నాడు. అచ్చియ్యమ్మ అడుగుజాడల్లోనే అడుగులు వేస్తూ తిన్నె ఎక్కి, ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అచ్చియ్యమ్మా, బిడ్డను నా ఒడిలో పెట్టు."

ముసలామె అతణ్ణి తీక్షణంగా చూసింది. "పుట్టిన ఘడియలో ఒడిలోకి తీసుకుంటే దత్తతే. నీ బిడ్డే అవుతుంది. అవతల నీ తండ్రి ఆజ్ఞ ఉంది. తెలిసే అడుగుతున్నావా, ఎప్పటిలాగేనా?"

"ఇదొక్కటి తెలిసే అడుగుతున్నాను."

ఆమె కొంగుతో బిడ్డను తుడిచి అతని ఒడిలో ఉంచింది. అది అతని బొటనవేలు పట్టుకుని చేపేమోనని లాగింది. హేమాంగదుడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దానికి ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, తలెత్తి, రెండు ఒడ్లూ మారుమోగేలా పిలిచాడు.

"నాన్నగారూ!"

భేరీలు ఆగాయి. మహారాజు ఒక కాలు పుట్టిలో పెట్టి, రెండో కాలు రాణి మేఘవల్లి చివరి మెట్టు మీద ఉంచి, అలాగే నిలిచిపోయాడు.

"మీకు మనవసంతానం కలిగింది! ఇప్పుడే! మీ ప్రసవం చేయించిన చేతులే, నన్ను కూడా తీసిన చేతులే, నా ఒడిలో పెట్టాయి. రాజవంశానికి పది రోజుల పురుడు! శంకుస్థాపన చేయడానికి లేదు!"

మహారాణి ప్రసవం అనబోయి మీ ప్రసవం అన్నాడని ఎవరూ సరిదిద్దలేదు. అందరూ పురోహితుడి వైపు చూశారు. పురోహితుడు వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. బంగారు బళ్ళ వైపు ఒకసారి దిగులుగా చూసి, "జాతాశౌచమే ప్రభూ" అన్నాడు. "తాతగారికి తప్పదు. తమరు ఆ ఇటుక కూడా పట్టుకోకూడదు."

ఇటుక మహారాజు చేతిలోంచి మెట్టు మీద పడి, దొర్లి, నీళ్ళలో మునిగింది. కూలీలు పారలు దించారు. ఆ వెనుక బారులో ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో వాళ్ళ నోరు మూశారు.

మహారాజు పెదవి విప్పాడు. ఆ గొంతు కోపంతో వణికిందో, మరి దేనితో వణికిందో, అంత దూరానికి హేమాంగదుడికి తెలియలేదు.

"నా ఆజ్ఞ ఆజ్ఞే. కొడుకని తప్పించను. పురుడు పది రోజులూ అక్కడే ఉండు. పదకొండో రోజు పొద్దు పొడిచేసరికి నువ్వు ఈ రాజ్యపు పొలిమేర దాటి ఉండాలి."

"చిత్తం నాన్నగారూ."

మహారాజు పుట్టిలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. వెనుదిరిగాడు. భేరీలు మోగలేదు. ఒక మెట్టు ఎక్కాడు, రెండు మెట్లు ఎక్కాడు, మూడో మెట్టు మీద ఆగాడు. పురోహితుడు వినకుండా, కూలీలు వినకుండా, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, నది మీదుగా అడిగాడు.

"ఇంతకీ... మగా? ఆడా?"